సంగీతం మొదలయ్యాక చెప్పిన మాట

చొక్కాకి ఎంత మంచి గుడ్డ తెచ్చినా, ఎంత గొప్ప మాస్టరు కత్తిరించినా, కాజాలు సరిగ్గా పడకపోతే అది ఒంటిమీద నిలవదు. చొక్కా తొడుక్కునేవాళ్ళకి ఈ సంగతి పట్టదు. కాజాలు కుట్టే ఆమెకి మాత్రం బాగా తెలుసు. కుట్టుషెడ్డులో అందరూ ఆమెని కాజాలక్క అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల రోజున తప్ప వినపడదు. ఆ రోజు కూడా ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఓ క్షణం అలాగే కూర్చుండిపోతుంది.

కిటికీ పక్క మిషను ఆమెది. ఎడమచేతి చూపుడువేలి గోరు నిలువునా చీలి, రెండు పెంకుల్లా పెరిగింది. ఎవరైనా కొత్తవాళ్ళు ఆ గోరువైపు చూస్తే ఆమె చెయ్యి దాచుకోదు. ఇంకాస్త ముందుకు చాపుతుంది. ఆమె సాక్ష్యం మొదలయ్యేది ఆ గోరు దగ్గరే.

అప్పుడు ఆమె పనిలో కొత్తగా చేరింది. మిషను తొక్కుతుండగా ఫిట్స్ వచ్చింది. చెయ్యి సూది కిందికి జారింది, సూది గోట్లో దిగి విరిగింది, మనిషి బల్లకీ గోడకీ మధ్య పడి కొట్టుకుంటోంది. షెడ్డు మొత్తం బయటికి పరుగెత్తింది. దయ్యమన్నారు కొందరు, ముట్టుకుంటే అంటుకుంటుందన్నారు కొందరు. వంద చేతులు పనిచేసే చోట ఒక్క చెయ్యి ముందుకు రాలేదు. పక్కనున్న బడిలో గదులు ఊడ్చే ముసలామె ఆ గోల విని లోపలికొచ్చింది. ఎండ ఉన్నా లేకున్నా గొడుగు వదలదు కాబట్టి ఆమెని గొడుగు మామ్మ అనేవాళ్ళు. గొడుగు గోడకి ఆనించి, నేలమీద చతికిలబడి, ఆ పిల్లని పక్కకి ఒత్తిగిలించి, తలకింద తన తువ్వాలు మడతపెట్టి, నోటినుంచి కారేదాన్ని చేత్తోనే తుడుస్తూ అదయ్యేదాకా అక్కడే కూర్చుంది. పిల్ల కళ్ళు తెరిచాక మామ్మ అడిగిన మొదటి మాట, "భయపడ్డావా తల్లీ?" అని.

ఆ వారంలోనే మామ్మ ఆమెని రెండు చోట్లకి తీసుకెళ్ళింది. ఒకటి సైకిళ్ళ దుకాణం మీదున్న ప్రార్థన గది. రెండోది పెద్దాసుపత్రి. "దేవుడికి రెండు చేతులే అమ్మాయ్. ఒక చేత్తో నిన్ను పట్టుకున్నాడు, ఇంకో చేత్తో ఈ మాత్రలిచ్చాడు. ఏ చెయ్యి వదిలినా పడేది నువ్వే" అని చెప్పింది. మామ్మ పోయి చాలా కాలమైంది. కాజాలక్క ఆ రెండు చేతుల్లో దేన్నీ వదల్లేదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అరచేతిలో మాత్ర పెట్టుకుని కళ్ళు మూసుకుని, తర్వాతే మింగుతుంది.

ప్రార్థన గదిలో సాక్ష్యాలు చెప్పే వేళ ఒకటుంటుంది. దేవుడు తన బతుకులో ఏం చేశాడో ఎవరైనా లేచి చెప్పొచ్చు. కొందరికి మైకు దొరికితే వదలబుద్ధి కాదు. నిజానికి అదీ న్యాయమే. ఇంట్లో, పనిలో, బస్సులో, ఎక్కడా ఎవరూ వినని మనుషులు వాళ్ళు. వారంలో ఆ కాస్సేపే వాళ్ళ మాటకి మైకు. కాని అందరికీ సమయం సరిపోవాలి, "ఇక చాలమ్మా" అంటే మనసు నొచ్చుకుంటుంది. అందుకని ఆ గదిలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. సమయం మించితే కీబోర్డు మాస్టారు సన్నగా సంగీతం మొదలుపెడతాడు. మెల్లగా పెంచుతాడు. జనం చప్పట్లు అందుకుంటారు, పాట అందుకుంటారు. చెప్పేవాళ్ళు కళ్ళు తుడుచుకుని కూర్చుంటారు. ఎవరి మనసూ నొచ్చుకోదు.

కాజాలక్క సూది దగ్గర మొదలుపెట్టి, ఖాళీ అయిన షెడ్డు చెప్పి, గొడుగు చెప్పి, తువ్వాలు చెప్పేసరికి ముందు వరుస ముసలమ్మలు ముక్కులు చీదేవాళ్ళు. "ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా నేను మళ్ళీ కింద పడలేదు, దేవుడికి స్తోత్రం" అనేసరికి సంగీతం వచ్చేసేది. తర్వాత మాత్రల సంగతి. ఆ ముక్కా ఆమె ప్రతిసారీ చెప్పింది. సంగీతంలో చెప్పింది.

ఒకనాడు మధ్యాహ్నం కటింగ్ మాస్టరు ఫోన్ పట్టుకుని ఆమె మిషను దగ్గరికొచ్చాడు.

"కాజాలక్కా, నువ్వు సినిమాతార అయిపోయావు. మా బావమరిది ఫోన్లోకి కూడా వచ్చేశావు. వాడు దేవుణ్ణీ నమ్మడు, నన్నూ నమ్మడు. నిన్ను మాత్రం రెండుసార్లు చూశాడట."

ప్రార్థన గదివాళ్ళు తీసిన వీడియో అది. అందులో తనే. సూది, గొడుగు, తువ్వాలు, "మళ్ళీ కింద పడలేదు, దేవుడికి స్తోత్రం." అక్కడితో బొమ్మ ఆగిపోయింది.

"ఇంకా ఉండాలిగా?"

"ఒక్క నిమిషమే పడుతుందటక్కా. మిగిలింది కోసేస్తారు."

"నా సాక్ష్యానికి కాలరు ఉంచి చేతులు పీకేశారు మాస్టరూ."

"కత్తిరింపులో పుట్టి పెరిగినవాణ్ణి, అంత ఘోరంగా నేను కూడా కత్తిరించను" అన్నాడతను. ఇద్దరూ నవ్వుకున్నారు. అయినా సాయంత్రం ఆమె కీబోర్డు మాస్టారిని అడిగింది, మిగతాది కూడా పెట్టమని. "అయ్యో, దానికేం భాగ్యమక్కా, పెడతాను" అన్నాడు. మంచివాడు. ఈ కథలో దొంగ ఒక్కడూ లేడు. దొంగ ఉంటే పట్టుకుని నిలదీసేదాన్ని కదా అని కాజాలక్క తర్వాత చాలాసార్లు అనుకుంది.

అతను పెట్టేలోపే ఒకావిడ షెడ్డుకొచ్చింది. అందరూ అన్నాలు తింటున్న వేళ. సీసాల డిపోలో పాత సీసాలు కడిగే మనిషి. నీళ్ళలో నాని నాని అరచేతులు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. ఆ చేతులతో కాజాలక్క చెయ్యి పట్టుకుని గోరు చూసింది. చూసి కళ్ళకద్దుకుంది.

"ఫోన్లో అక్క మీరే కదూ! మా చిట్టికి కూడా మీకున్న జబ్బేనక్కా. మీ మాట విన్నాక ధైర్యం వచ్చింది. మాత్రలు ఆపేశాను."

కాజాలక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఆపేశావా?"

"డబ్బా తీసి అవతల పారేశా. ఎంత మార్పో తెలుసా అక్కా! ఇదివరకు బడిలో బల్లమీద పడి నిద్రపోయేది. టీచరమ్మ రోజూ తిట్టేది. ఇప్పుడు ఎగురుతోంది, దూకుతోంది, నాకే ఎదురు సమాధానాలు చెబుతోంది! ఒక్కసారి కూడా పడలేదు. మీరు చెప్పినట్టే జరిగింది."

"నేను అలా చెప్పలేదమ్మా" అంటూ కాజాలక్క అన్నం గిన్నె పక్కనున్న సంచీలోంచి మాత్రల అట్ట తీసి చూపించింది. "ఇవి నావే. ఇప్పటికీ వేసుకుంటున్నా. మామ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పట్నుంచి ఒక్కనాడు మానలేదు. ఈ మాత్రలు గబుక్కున మానెయ్యకూడదు, ప్రమాదమని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది."

వచ్చినావిడ ఆ అట్టవైపు చూసింది. మొహంలో వెలుగు తగ్గింది. తర్వాత తన ఫోన్ తీసి నొక్కింది. షెడ్డులో కాజాలక్క గొంతు వినిపించింది. మళ్ళీ కింద పడలేదు, దేవుడికి స్తోత్రం.

"ఇది మీరు కాదా?"

"నేనే."

"ఇందులో మాత్రల ఊసే లేదు కదా?"

"కోసేశారమ్మా."

"దేవుడి మాటని ఎవరైనా కోస్తారా అక్కా?"

కాజాలక్క అట్టని ఇంకాస్త ముందుకు చాపింది. చిట్టి తల్లి లేచి నిలబడింది. "అప్పుడు మీకు విశ్వాసం ఉంది. ఇప్పుడు తగ్గినట్టుంది. మీకు తగ్గితే నేనేం అనను, మనిషన్నాక తగ్గుతుంది. నా బిడ్డ నవ్వుతోంది. దాని జోలికి మాత్రం రాకండి" అని వెళ్ళిపోయింది.

ఈమెని తెలివితక్కువదని తేలిగ్గా అనేయొచ్చు. అనేవాళ్ళు ఒక్కసారి ఉచిత మందుల కిటికీ ముందు నిలబడి చూడాలి. ఆ కిటికీ తెరిచేది పనివేళల్లో. వరుసలో నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. తీరా ముందుకెళ్ళాక "స్టాకు లేదు, వచ్చే వారం రా" అంటారు. వచ్చే వారం ఇంకో రంగు మాత్ర ఇస్తారు, ఎందుకు మారిందో చెప్పరు. పిల్ల మత్తుగా ఉంటోందని చెబితే తలెత్తి చూడరు. ఇన్నేళ్ళలో ఆ తల్లితో నిలబడి నిమిషంపాటు మాట్లాడిన గొంతు ఒక్కటే, అది ఫోన్లోంచి వచ్చింది. ఆ గొంతునే ఆమె నమ్మింది. ఇంకెవర్ని నమ్మాలి?

ఆ సాయంత్రమే కాజాలక్క కీబోర్డు మాస్టారి దగ్గర కూర్చుని పూర్తి రికార్డింగు పెట్టించుకుని విన్నది. ఇదొక్కటి చిట్టి తల్లికి వినిపిస్తే చాలు, నమ్ముతుంది అనుకుంది. సూది అయింది, గొడుగు అయింది, స్తోత్రం అయింది. తర్వాత కీబోర్డు. దాని మీద చప్పట్లు. వాటి అడుగున ఎక్కడో ఆమె పెదవులు కదులుతున్నాయి. ఒక్క ముక్క వినబడలేదు. పాత వీడియోలు కూడా తీశాడు. అన్నిట్లోనూ అంతే.

మాస్టారు కీబోర్డు మీద గుడ్డ కప్పి, తీసి, మళ్ళీ కప్పాడు. "వాయించింది నేనేనక్కా" అన్నాడు.

"నీ తప్పేముంది తమ్ముడూ. సంగీతం బాగుండేది. నేను కూడా ఆగిపోయేదాన్ని."

పాస్టరుగారు వారమంతా సరుకుల వ్యాను నడుపుతాడు. వ్యాను దిగీ దిగగానే కాజాలక్క ఆయన్ని పట్టుకుంది. విని, తల పట్టుకున్నాడు. "నువ్వు చెప్పేది నూటికి నూరుపాళ్ళు నిజమమ్మా. నేనూ బీపీ మాత్ర వేసుకునేవాణ్ణే."

"ఆ మాట మీరు చెప్పండయ్యా, అందరి ముందూ."

ఆయన వ్యాను తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "చెప్పొచ్చు. ఎలా చెప్పాలో చూడాలి. అడ్డుబండగా ఉండకూడదు కదా మనం, అప్పుడే విశ్వాసంలో నిలదొక్కుకుంటున్నవాళ్ళకి... నువ్వే చెప్పమ్మా. ఆదివారం మైకు నీకే మొదట ఇస్తాను. మాస్టారు వాయించడు."

ఆదివారం ఆమె సూది ఎత్తలేదు, గొడుగు ఎత్తలేదు. లేస్తూనే, "నేను ఇప్పటికీ ఫిట్స్ మాత్రలు వేసుకుంటున్నాను. మీరెవరూ మీవి ఆపకండి" అంది. కీబోర్డు మాస్టారు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. గది నిశ్శబ్దమైంది. ఆ గదిలో నిశ్శబ్దం అలవాటు లేదు. ముందు వరుసలో ఒక ముసలమ్మ పక్కామెని గిల్లి, "సూది చెప్పదేమే?" అంది. ఇంకొకామె గట్టిగానే, "ముందు సూది చెప్పమ్మా, తర్వాత ఇది చెబుదువుగాని" అంది. ఎవరో నవ్వారు. ఎవరూ స్తోత్రమనలేదు. చివర్లో పాస్టరుగారు ఎంతో ప్రేమగా ఆమె తలమీద చెయ్యిపెట్టి, "ఈ సోదరిని బలపరచు ప్రభువా" అని ప్రార్థించాడు. ఏ బలం లేదని ఆయన అనుకున్నాడో అందరికీ అర్థమైంది.

ఆ వీడియో కూడా ఫోన్లలో పెట్టారు. దాన్ని ఎవరూ ఎవరికీ పంపలేదు.

అయినా ఆమె సీసాల డిపో దారి పట్టింది. తల్లీకూతుళ్ళు ఉండేది ఆ డిపో వెనక గదిలోనే. మొదటిసారి తలుపు తియ్యలేదు. రెండోసారి చిట్టి తీసింది. ముందుపళ్ళు రెండూ ఊడాయి. "అమ్మా, ఫోన్లో అత్త వచ్చింది!" అని కేకేసింది. పిల్ల సంబరం చూశాక తల్లికి కాదనడానికి నోరు రాలేదు.

"రావాలనుంటే రా అక్కా. ఆ ఊసు ఎత్తకూడదు. ఎత్తావా, ఇక ఈ గడప తొక్కొద్దు."

కాజాలక్క ఒప్పుకుంది. ఒప్పుకోకపోతే పిల్లని చూడటం కూడా ఉండదు. షెడ్డులో మిగిలిన గుడ్డముక్కలతో చిన్న తలగడ కుట్టి తెచ్చింది. రంగురంగుల ముక్కలకి రంగురంగుల కాజాలు. చిట్టి ప్రతి కాజాలోనూ వేలు పెట్టి చూసింది.

"అత్తా, నువ్వూ మాత్రలు వేసుకుంటావంటగా, అవి చేదు కదా, ఎలా మింగుతావు?"

తల్లి చేతిలో పని ఆగింది. కాజాలక్క తల్లివైపు చూసింది. ఊసెత్తింది తను కాదు. అయినా జవాబు చెబితే ఈ గడప పోతుంది.

"బడిలో ఇవాళ ఏం చెప్పారే?" అని అడిగింది.

మాట మార్చిన ఆ ఒక్క ప్రశ్న ఆమెని ఆ తర్వాత నిద్రపోనివ్వలేదు.

మరోవైపు పెద్దాసుపత్రి కిటికీ దగ్గరికి కూడా వెళ్ళింది. ఆ పిల్ల మాత్రలు నాకివ్వండి, నా దగ్గర ఉంచుతానంది. పిల్లని తీసుకురా అన్నారు. లేదంటే చీటీ తీసుకురా అన్నారు. తల్లికైనా చెప్పండి, మీరు చెబితే వింటుందంది. "మేం ఇళ్ళకి పోయి చెప్పమమ్మా, జరుగు, వెనక జనమున్నారు" అన్నారు. వెనక నిజంగానే జనమున్నారు. ఆమె జరిగింది.

ఇంకేం చెయ్యగలదు? పిల్లని ఎత్తుకుపోలేదు. తల్లికి తెలియకుండా నోట్లో వెయ్యలేదు. దేవుణ్ణి అడిగింది. "నీ పేరు చెప్పి నా నోటితోనే ఆ పిల్లకి మందు మాన్పించావు. ఇప్పుడు అదే నోటితో ఇప్పించు" అని పోట్లాడింది. ప్రార్థనలో అలా గొంతు పెంచడం ఆమెకి అదే మొదలు.

సెలవురోజు మధ్యాహ్నం. డిపో వెనక పెరట్లో తల్లి సీసాలు కడుగుతోంది. చిట్టి సీసాల మూతలన్నీ వరుసగా పేర్చి, ఒక్కో మూతకీ పాఠం చెబుతోంది. కాజాలక్క గోడవార కూర్చుని నవ్వుతూ వింటోంది. పాఠం మధ్యలో పిల్ల గొంతు ఆగింది. చూపు పక్కకి తిరిగింది. మనిషి నిలువునా మూతల మీద పడింది.

కాజాలక్క లేచిన సంగతి ఆమెకే తెలియదు. పిల్లని సీసాల పెట్టెల మధ్యనుంచి తప్పించి, పక్కకి ఒత్తిగిలించి, తలకింద ఆ తలగడ పెట్టింది. "పట్టుకోకు, గట్టిగా పట్టుకోకు, నోట్లో ఏం పెట్టకు, ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది" అంటోంది. తల్లి తడిచేతులతో మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థన మొదలుపెట్టింది. ఆగలేదు. ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైంది. పెదవులు నీలంగా మారుతున్నాయి. కాజాలక్క వీధిలోకి పరుగెత్తి సీసాల బండిని ఆపింది. బండిలో పెట్టెలు కింద పారేయించి పిల్లని ఎక్కించారు.

ఆసుపత్రిలో తలుపు అవతలికి తీసుకెళ్ళారు. నర్సు వెంటనే బయటికొచ్చింది.

"ముందునుంచీ ఉన్న జబ్బేనా? మాత్రలు వాడుతున్నారా?"

"వాడేవాళ్ళం."

"ఎప్పుడు ఆపారు?"

తల్లి కాజాలక్కవైపు చూపించింది. "ఈ అక్క సాక్ష్యం విన్నప్పుడు."

ఆ గొంతులో నింద లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. నర్సు కాజాలక్కని పైనుంచి కిందిదాకా చూసింది. నేను చెప్పింది అది కాదు, సంగీతం వచ్చింది, కోసేశారు, వాళ్ళింటికీ మీ కిటికీకీ తిరిగాను, ఇవన్నీ ఆమె గొంతుదాకా వచ్చాయి. ఇవన్నీ ఆ నర్సుకి ఏం చెబుతుంది? నర్సు మాత్రం ఎందుకు వింటుంది? తలుపు మూసుకుంది.

కొంతసేపటికి డాక్టరు తల బయటపెట్టి చెప్పాడు. ఫిట్స్ ఆగింది. పిల్ల మెలకువలోకి రాలేదు. చాలాసేపు ఊపిరి సరిగ్గా ఆడలేదు, మెలకువ వచ్చాక ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేం. చూడాలి.

ఇద్దరూ బల్లమీద కూర్చున్నారు. తల్లి ఒళ్ళో తలగడ. చిట్టి వేళ్ళు పెట్టి పెట్టి కాజాలు వదులయ్యాయి. ఇప్పుడు తల్లి వేళ్ళు వాటిలోకి వెళుతున్నాయి, వస్తున్నాయి.

"నా విశ్వాసం చాల్లేదక్కా" అంది.

"అది కాదే తల్లీ, అది కాదు..."

"ఎక్కడో అనుమానపడ్డాను. నువ్వు వస్తూపోతూ ఉంటే నాలో నాకే అనుమానం. అందుకే ఇలా అయింది."

 తను తిరిగిన తిరుగుడంతా ఎటుపోయి ఎక్కడ తేలిందో కాజాలక్కకి అర్థమైంది. పాస్టరుగారు అన్న అడ్డుబండ అంటే ఇదేనేమో.

"నీ సాక్ష్యం చెప్పక్కా" అంది తల్లి. "వినాలనుంది. ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది."

కాజాలక్క సంచీలో చెయ్యి పెట్టింది. అట్ట చేతికి తగిలింది. "దేవుడికి రెండు చేతులని మామ్మ చెప్పింది" అని మొదలుపెట్టింది. "ఒక చేత్తో నన్ను పట్టుకున్నాడు. ఇంకో చేత్తో మాత్రలు..."

"అది కాదక్కా." తల్లి తలుపు మీంచి చూపు తిప్పలేదు. "ముందునుంచి చెప్పు. సూది దగ్గర్నుంచి."

కాజాలక్క చీలిన గోరువైపు చూసుకుంది. ఇంకేం చెయ్యాలో తెలియక, సూది దగ్గర్నుంచి చెప్పింది. మిషను చెప్పింది. ఖాళీ అయిన షెడ్డు చెప్పింది. గొడుగు చెప్పింది, తువ్వాలు చెప్పింది. తల్లి పెదవులు ఆమె మాటలతో పాటే కదులుతున్నాయి. అన్నీ ఆమెకి కంఠస్థం. "ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా నేను మళ్ళీ కింద పడలేదు" దాకా ఇద్దరూ కలిసే వచ్చారు.

"దేవుడికి స్తోత్రం" అంది తల్లి, అక్కడ తన పెదవులు ఆపేసింది.

ఇక్కడ వాయించేవాళ్ళెవరూ లేరు. వరండా నిశ్శబ్దంగా ఉంది. ఎక్కడో నీళ్ళ కుళాయి కారుతోంది. కాజాలక్క ఆగలేదు. ఆ వారంలోనే మామ్మ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిందని, డాక్టరమ్మ ఏమేం అడిగిందో, పొద్దున ఏ మాత్ర, సాయంత్రం ఏ మాత్ర, మింగేముందు తను దేవుడితో ఏం మాట్లాడుతుందో, ఒక్క ముక్క వదలకుండా చివరిదాకా చెప్పింది. సంగీతం అడ్డురాకుండా అంతా చెప్పడం ఆమె జీవితంలో ఇదే మొదటిసారి.

తల్లి చూపు మూసిన తలుపు మీదే ఉంది. విన్నదో లేదో తెలియదు.